ఆన్సిబుల్‌తో హోస్టుల సమాచార సేకరణ: గజపతి, రాయగడ జిల్లాల 26 సర్వర్ల ప్రాజెక్టు డైరీ

ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాలలో కంప్యూటర్ శిక్షణ కేంద్రాలకు ఒక్కొక్క చిన్న సర్వర్ చొప్పున మొత్తం 26 సర్వర్లు ఉన్నాయి. ఒడియా, తెలుగు, ఇంగ్లీషు పాఠాలు వాటిలోనే నిల్వ ఉంటాయి కాబట్టి ఇంటర్నెట్ లేని రోజున కూడా పిల్లల డెస్క్‌టాపులు లాన్ (కేంద్రం లోపలి నెట్‌వర్క్) ద్వారా వాటిని తెరవగలవు. ఆదేశాలన్నీ పంపే యంత్రం, అంటే కంట్రోల్ నోడ్, పర్లాకిమిడిలో ఉంది. అక్కడి నుంచి ప్రతి సర్వర్‌కూ వైర్‌గార్డ్ అనే వీపీఎన్ మీదుగా ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి ఆదేశాలు నడిపే సురక్షిత పద్ధతి) వెళుతుంది, కాన్ఫిగరేషన్ పని అంతా ఆన్సిబుల్ అనే సాధనం చేస్తుంది. అది నడిపే ఒక్కో సర్వర్‌ను హోస్టు అంటాము. ప్రతి హోస్టు తన గురించి తాను చెప్పే సమాచారాన్ని, అంటే ఆన్సిబుల్ భాషలో ఫ్యాక్ట్స్‌ను, ఎలా సేకరించాము, ఏ దశలో ఏది విరిగింది, ఏమి మార్చాము అన్నది మాత్రమే ఈ డైరీలో ఉంటుంది.

సెట్టింగుల పేర్లను పలికినట్లు రాశాను. పేరు మధ్యలో ఖాళీ కనిపించిన చోట కాన్ఫిగరేషన్ ఫైలులో అండర్‌స్కోర్ వస్తుంది.

దశ 1: ఏమీ మార్చకుండా అన్నీ అడగడం

ప్లే, అంటే హోస్టుల మీద నడిపే పనుల వరుస, మొదలు కాగానే ఆన్సిబుల్ తనంతట తానే సెటప్ మాడ్యూల్‌ను నడిపి, హార్డ్‌వేర్, నెట్‌వర్క్, ఆపరేటింగ్ సిస్టమ్, డిస్కులు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ వంటివన్నీ తెస్తుంది. ఫోర్క్స్ విలువను ఎవరూ మార్చకపోతే అది 5, అంటే ఒకసారికి ఐదు హోస్టులే. అందుబాటులో లేని హోస్టు కోసం ఎస్ఎస్‌హెచ్ 10 సెకన్లు ఆగుతుంది.

కొలత: మొత్తం పరుగుకు 3 నిమిషాల 40 సెకన్లు. ఒక్కో హోస్టు ఇచ్చిన జేసన్ (సమాచారాన్ని పేరు, విలువ జతలుగా రాసే రూపం) 40 నుంచి 50 కిలోబైట్లు. డాకర్ (ప్రోగ్రాములను కంటెయినర్లనే విడి పెట్టెలలో నడిపే సాధనం) నడుస్తున్న హోస్టులలో ప్రతి కంటెయినర్‌కూ ఒక కృత్రిమ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ ఉంటుంది కాబట్టి అక్కడ అది 90 కిలోబైట్ల దాకా పెరిగింది.

మొత్తం లెక్క: 26లో సమాధానం ఇచ్చినవి 19, అందనివి 4, పైథాన్ దోషంతో ఆగినవి 3.

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ కూడా ఈ మూటలోనే వస్తాయన్న సంగతి చాలామంది గమనించరు. ఎక్కడైనా పాస్‌వర్డును వేరియబుల్‌గా పెట్టి ఉంటే అది కంట్రోల్ నోడ్ మీద సాదా అక్షరాలలో నిలిచిపోతుంది. సేకరించిన ఫైళ్లు పడే డైరెక్టరీకి మొదటి రోజునే 0700 (యజమాని మాత్రమే తెరవగల) అనుమతి పెట్టడానికి కారణం ఇదే.

దశ 2: సమాధానం ఇవ్వని ఏడు

పైథాన్ దోషం వచ్చిన మూడు సర్వర్లలో ఉబుంటు 18.04 ఉంది. దానితో వచ్చే పైథాన్ 3.6. కంట్రోల్ నోడ్ మీద ఉన్న ఆన్సిబుల్ కోర్ 2.17కు అవతలి హోస్టులో కనీసం పైథాన్ 3.7 కావాలి. ఫ్యాక్ట్స్ సేకరణే మొదటి పని కాబట్టి దోషం అక్కడ బయటపడుతుంది, దాంతో చూసేవారికి తప్పు సేకరణలో ఉన్నట్లు అనిపిస్తుంది. హోస్టులో పైథాన్ పనికిరానప్పుడు కూడా రా మాడ్యూల్ పనిచేస్తుంది, ఎందుకంటే అది ఎస్ఎస్‌హెచ్ మీద ఆదేశాన్ని నేరుగా పంపుతుంది.

1. రా మాడ్యూల్‌తో ఈటీసీ డైరెక్టరీలోని ఓఎస్-రిలీజ్ ఫైలును చదివి, ఏ వెర్షన్ ఉందో రూఢి చేసుకోవాలి.
2. కంట్రోల్ నోడ్ మీద కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తెరిచి అందులో ఆన్సిబుల్ కోర్ 2.16ను పెట్టాలి.
3. పాత హోస్టులను ఇన్వెంటరీలో, అంటే హోస్టుల జాబితాలో, వేరే గుంపుగా రాయాలి, అప్‌గ్రేడ్ కావలసిన వాటి జాబితా కూడా అదే అవుతుంది.

మూడింటి కోసం 2.16, మిగిలిన వాటి కోసం 2.17 అని రెండు వెర్షన్లు నడపవచ్చు. కానీ ఒకే కాష్‌ను (సేకరించినది దాచుకునే చోటు), ఒకే రోల్స్‌ను (పనుల కట్టలు) రెండు వెర్షన్లు తాకితే వచ్చే చిక్కులు ఈ మూడు యంత్రాల విలువకు మించినవని భావించి, మొత్తం పనిని 2.16కే దించాము.

అందని నాలుగింటిలో మూడింటికి కారణం సాంకేతికమైనది కాదు. సేకరణ రాత్రి పదింటికి నడిచేది. ఆ కేంద్రాలలో సాయంత్రం తలుపులు వేసేటప్పుడు కాపలాదారు మెయిన్ స్విచ్ ఆపి వెళతారు, అలా చేయమని ఆయనకు చెప్పి ఉన్నారు కూడా. సేకరణను పని దినాలలో ఉదయం 11 గంటలకు మార్చగానే మూడూ పలికాయి. నాలుగోది మోహనా బ్లాకులో ఉంది, అక్కడ లింకే లేదు.

మొత్తం లెక్క: 26లో 25.

దశ 3: ఇరవై ఐదు సమాధానాలు, ఇరవై రెండు యంత్రాలు

నివేదికలో ఒక్కో యంత్రానికి ఒక్కో వరుస ఉండాలని మెషీన్-ఐడీని (ఒక్కో లినక్స్ యంత్రానికి ఉండవలసిన ప్రత్యేక గుర్తింపు) తాళంగా, అంటే కీగా, పెట్టాము. 25 హోస్టులు పలికినా వరుసలు 22 మాత్రమే వచ్చాయి. ఒకే డిస్క్ ఇమేజ్ నుంచి ప్రతులు తీసి తయారుచేసిన నాలుగు సర్వర్లలో ఈటీసీ కింద ఉండే మెషీన్-ఐడీ ఫైలు అక్షరం తేడా లేకుండా ఒకటే. దీని నష్టం నివేదికతో ఆగదు. సిస్టమ్‌డీ నెట్‌వర్క్ సేవ, ఐపీ చిరునామాలు పంచే డీహెచ్‌సీపీకి చెప్పుకునే గుర్తింపును ఈ ఐడీ నుంచే తయారుచేస్తుంది కాబట్టి, ఇటువంటి రెండు ప్రతులు ఒకే లాన్‌లో ఉంటే రెండింటికీ ఒకే ఐపీ చిరునామా దక్కే ప్రమాదం ఉంది.

సరిచేసిన క్రమం ఇది. వరుస మార్చకండి.

1. వార్ లిబ్ కింద డీబస్ డైరెక్టరీలో ఉన్న మెషీన్-ఐడీ ఫైలును ముందుగా తీసివేయాలి.
2. ఈటీసీలోని మెషీన్-ఐడీ ఫైలును ఖాళీ చేయాలి. ఫైలు ఉండాలి, అందులో ఏమీ ఉండకూడదు.
3. సిస్టమ్‌డీ-మెషీన్-ఐడీ-సెటప్ ఆదేశాన్ని నడపాలి.
4. ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ తాళాలను తొలగించి, ఎస్ఎస్‌హెచ్-కీజెన్‌ను పెద్ద ఏ ఆప్షన్‌తో నడిపి కొత్తవి సృష్టించాలి.
5. కంట్రోల్ నోడ్‌లోని నోన్ హోస్ట్స్ ఫైలులో పాత వరుసను తీసి, ఆ తరువాత యంత్రాన్ని రీబూట్ చేయాలి.

మొదటి అంగను వదిలితే మూడో అంగ డీబస్ దగ్గర ఉన్న పాత ఐడీనే తెచ్చి మళ్లీ రాస్తుంది. మొదటి సర్వర్‌లో సరిగ్గా అదే జరిగింది. ఇంకొక మాట, జర్నల్ లాగులు ఐడీ పేరుతో ఉన్న డైరెక్టరీలో పడతాయి కాబట్టి, మార్పుకు ముందరి లాగులు పాత పేరు కింద ఉండిపోతాయి. అవి పోయాయని కంగారు పడనవసరం లేదు.

మదర్‌బోర్డు సీరియల్ నంబరును తాళంగా వాడదామన్న ఆలోచన కూడా నిలవలేదు. రూట్ అధికారం లేకుండా అడిగితే ఆ గడిలో ఎన్ఏ అని వస్తుంది. రూట్‌గా అడిగితే, బజారులో విడి భాగాలతో కట్టించిన యంత్రాలలో "టు బి ఫిల్డ్ బై ఓఈఎం" అన్న నింపని వాక్యం వస్తుంది. చివరకు ఇన్వెంటరీలో మనం పెట్టిన పేరునే తాళంగా నిలిపి, మెషీన్-ఐడీని రెండు చోట్ల ఒకటే ఉందేమో పట్టుకోవడానికి మాత్రం వాడుతున్నాము.

మొత్తం లెక్క: పలికినవి 25, వేర్వేరు ఐడీలు 25.

దశ 4: తక్కువ అడగడం

ముందు రెండు చిన్న విషయాలు. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న యంత్రం మెమ్‌టోటల్ ఎంబీ గడిలో 4096 చూపదు. ఫర్మ్‌వేర్, గ్రాఫిక్స్ తీసుకున్నది పోగా మా యంత్రాలలో 3700 నుంచి 3900 మధ్య కనిపించింది. 4096తో పోల్చే షరతు రాస్తే నాలుగు జీబీ యంత్రాలన్నీ రెండు జీబీ యంత్రాలతో కలిసిపోతాయి, కాబట్టి గీతను 3500 దగ్గర గీశాము. రెండోది డిస్క్ నిండిందన్న హెచ్చరిక. ఉబుంటు స్నాప్ ప్యాకేజీలు స్క్వాష్ఎఫ్ఎస్ రూపంలో మౌంట్ అవుతాయి, అవి చదవడానికి మాత్రమే పనికొచ్చేవి కాబట్టి ఎప్పుడూ నూటికి నూరు శాతం నిండి ఉంటాయి. ఫైల్ సిస్టమ్ రకాన్ని చూసి వాటిని వదిలేయకపోతే ప్రతి సర్వర్ రోజూ హెచ్చరిక పంపుతుంది.

అసలు పని, ఏ భాగాలు సేకరించాలో చెప్పే గ్యాదర్ సబ్‌సెట్ సెట్టింగు దగ్గర ఉంది. దానికి ఆల్ ముందు ఆశ్చర్యార్థకం పెట్టి ఇస్తే మిన్ అనే కనీస భాగం మాత్రం మిగులుతుంది. డిస్ట్రిబ్యూషన్, పైథాన్, సర్వీస్ మేనేజర్, తేదీ, లోకల్ ఫ్యాక్ట్స్ అందులోవే. దానికి నెట్‌వర్క్ ఒక్కటి కలిపాము. ఎక్కువ సమయం తినే హార్డ్‌వేర్ భాగాన్ని వారానికి ఒకసారికి నెట్టాము. డిస్కులో మిగిలిన చోటు మాత్రం రోజూ కావాలి కనుక దానిని డీఎఫ్ ఆదేశంతో విడిగా అడుగుతున్నాము.

కొలతలు, ఒక్కో మార్పు తరువాత:

1. పైప్‌లైనింగ్ (ఒక్కో పనికి ఎస్ఎస్‌హెచ్ రాకపోకలను తగ్గించే సెట్టింగు) ఒక్కటే తెరిచినప్పుడు: 2 నిమిషాల 35 సెకన్లు.
2. ఫోర్క్స్ 13కు పెంచినప్పుడు: 1 నిమిషం 30 సెకన్లు.
3. సబ్‌సెట్‌ను మిన్, నెట్‌వర్క్‌లకు తగ్గించినప్పుడు: 48 సెకన్లు.

సమయం ఆదా కావడం మంచిదే కానీ ఈ దశలో నాకు ఎక్కువ పనికి వచ్చింది ఆ 48 సెకన్లు కాదు. ప్రతి గడి దగ్గర ఆగి, దీనిని చూసి ఏ టెంప్లేట్ (విలువలు నింపితే కాన్ఫిగరేషన్ ఫైలు అయ్యే నమూనా) ఏ నిర్ణయం తీసుకుంటోందని అడిగితే, జవాబు ఉన్నవి ఒక పుటలో సరిపోయాయి. మిగిలినవి ఎవరూ చదవని సమాచారం.

దశ 5: కాష్, దాని వయసు

ఒక్కో సర్వర్‌లో పర్యవేక్షణ ఫైలు తయారు కావాలంటే మిగతా సర్వర్ల చిరునామాలు కూడా కావాలి. ఆ పరుగులో ఒక హోస్టు అందకపోతే హోస్ట్‌వార్స్‌లో, అంటే అన్ని హోస్టుల విలువల పట్టికలో, దాని గడి ఖాళీగా ఉండి, టెంప్లేట్ అందరికీ విరుగుతుంది. లిమిట్ ఆప్షన్‌తో ఒక్క హోస్టు మీదనే ప్లే నడిపినా ఇదే ఇబ్బంది. అందుకని ఫ్యాక్ట్ కాషింగ్‌ను జేసన్‌ఫైల్‌కు మార్చి, గ్యాదరింగ్ విలువను స్మార్ట్ అని పెట్టాము. స్మార్ట్ అంటే కాష్‌లో ఆ హోస్టు ఉంటే మళ్లీ అడగదు.

ఇక్కడ రెండు దెబ్బలు తగిలాయి. మొదటిది, బ్యాకప్ ఫైలు పేరులో తేదీ ఫ్యాక్ట్స్ నుంచి వస్తోంది. కాష్‌లో ఉన్న తేదీ సేకరించిన నాటిది కాబట్టి, మరునాటి బ్యాకప్ అదే పేరుతో నిన్నటి దాని మీద పడింది. కాష్ పెట్టిన చోట ఫ్యాక్ట్స్‌లోని తేదీని దేనికీ వాడకూడదు. టెంప్లేట్‌లోనే నౌ అనే ఫంక్షన్ ఉంది, అది కంట్రోల్ నోడ్ గడియారాన్ని చూస్తుంది. రెండోది, స్మార్ట్ పద్ధతి హోస్టు కాష్‌లో ఉందా అని చూస్తుందే తప్ప మనకు కావలసిన సబ్‌సెట్ అందులో ఉందా అని చూడదు. మిన్, నెట్‌వర్క్ మాత్రమే ఉన్న కాష్‌ను నమ్ముకున్న ప్లే ర్యామ్ గడి కోసం వెతికి, నిర్వచించని వేరియబుల్ అని ఆగిపోయింది.

స్మార్ట్‌ను వదిలేశాము. ఇప్పుడున్న అమరిక:

1. గ్యాదరింగ్ విలువ ఎక్స్‌ప్లిసిట్. ఏ ప్లే కూడా తనంతట తాను సేకరించదు.
2. సేకరణకు ప్రత్యేకమైన ప్లేబుక్ ఒకటి. అది సెటప్ మాడ్యూల్‌ను స్పష్టంగా పిలుస్తుంది కాబట్టి ప్రతిసారీ హోస్టును అడిగి కాష్‌ను తాజా చేస్తుంది.
3. మిగిలిన ప్లేబుక్‌లు కాష్‌లో ఉన్నదానిని చదువుతాయి. సేకరణ ఆపి ఉన్నా ఆ విలువలు వాటికి అందుతాయి.
4. కాష్ గడువు 604800 సెకన్లు, అంటే ఏడు రోజులు. మామూలుగా ఉండే 86400తో, శనివారం పలికి ఆదివారం ఆగి ఉన్న కేంద్రం సోమవారం ఉదయానికి కాష్‌లో లేకుండా పోతోంది.
5. నివేదికలో ప్రతి వరుసకూ వయసు అనే గడి ఒకటి. అది కాష్ ఫైలు మార్పు సమయం నుంచి లెక్కకు వస్తుంది.

అయిదో అంగను తీసివేయవద్దని కాపీ చేసుకునేవారికి నొక్కి చెబుతున్నాను. వయసు తెలియని విలువ తాజా విలువలాగే కనిపిస్తుంది. మార్పు సమయం కంట్రోల్ నోడ్‌ది కావడం కూడా ముఖ్యమే, ఎందుకంటే బోర్డు మీద నాణెం బ్యాటరీ అయిపోయిన సర్వర్లు కరెంటు పోయి వచ్చిన తరువాత పాత తేదీతో లేస్తాయి. హోస్టు చెప్పిన ఎపాక్ (1970 నుంచి సెకన్లలో లెక్కించే) సమయానికీ కంట్రోల్ నోడ్ సమయానికీ ఉన్న తేడాను ఇప్పుడు నివేదికలో చూపుతున్నాము. 120 సెకన్లు మించిన హోస్టులు 3 కనిపించాయి, మూడింటికీ సీఆర్ 2032 బ్యాటరీ మార్చవలసి వచ్చింది.

దశ 6: ఫోను తగిలించిన రోజు

గుణుపూర్ వైపు ఒక కేంద్రంలో ఇంటర్నెట్ పనిచేస్తున్నా పాఠాల పేజీ ఏ డెస్క్‌టాపులోనూ తెరుచుకోలేదు. మామూలుగా జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది, అంటే ఇంటర్నెట్ పోయినా పాఠాలు తెరుచుకోవాలి.

అంతకు ముందు లింకు పోయింది. కేంద్రం చూసే మాస్టారు తన ఫోనును యూఎస్‌బీ తీగతో సర్వర్‌కు తగిలించి టెథరింగ్ తెరిచారు. వైర్‌గార్డ్ ఆ కొత్త దారిలో కూడా లేచింది, ఉదయపు సేకరణ యథావిధిగా నడిచింది. మా టెంప్లేట్ సర్వర్ చిరునామాను డిఫాల్ట్ ఐపీవీ4 గడి నుంచి తీసుకుంటోంది. ఆ గడిలో ఉండేది బయటి ప్రపంచానికి వెళ్లే దారి ఏ ఇంటర్‌ఫేస్ మీద ఉందో దాని చిరునామా. ఆన్సిబుల్ దానిని 8.8.8.8కు దారి అడిగి కనుక్కుంటుంది. ఆ పూట ఆ దారి ఫోను మీద ఉంది. లాన్‌లో సైటు పేర్లకు చిరునామాలు చెప్పే డీఎన్ఎస్‌మాస్క్ ఫైలులో పాఠాల సైటు పేరు ఎదురుగా ఫోను ఇచ్చిన చిరునామా పడింది, లాన్‌లోని డెస్క్‌టాపులకు ఆ చిరునామా చేరే దారి లేదు. లింకు పూర్తిగా పోయి డిఫాల్ట్ దారి లేని వేళ అయితే ఆ గడి ఖాళీగా ఉండి టెంప్లేట్ విరుగుతుంది. ఈ రెండింటిలో విరగడమే మేలు, కనీసం తెలుస్తుంది.

సర్వర్‌కు మూడు చిరునామాలు ఉన్నాయి: వైర్‌గార్డ్‌ది, లాన్‌ది, బయటి దారిది. వీటిలో పిల్లలకు కావలసినది లాన్‌ది ఒక్కటే. ఆ ఇంటర్‌ఫేస్ పేరును లోకల్ ఫ్యాక్ట్‌గా (హోస్టులో మనమే ఫైలుగా పెట్టే ఫ్యాక్ట్, వివరం దశ 7లో) రాసి, ఆ పేరుతో ఫ్యాక్ట్స్‌లో వెతికి చిరునామా తీసుకునేలా టెంప్లేట్‌ను మార్చాము. ఇంటర్‌ఫేస్ పేరులో అడ్డగీత ఉంటే ఫ్యాక్ట్స్‌లో అది అండర్‌స్కోర్ అవుతుంది. మా బ్రిడ్జి పేరు బీఆర్-లాన్ కాబట్టి, టెంప్లేట్‌లో మార్పిడి ఫిల్టర్ పెట్టిన తరువాతనే అది దొరికింది.

ఈ సంఘటన కాష్‌లో ఇంకొక గుణాన్ని బయటపెట్టింది. యూఎస్‌బీ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌కు ఉబుంటు సాధారణంగా దాని మ్యాక్ చిరునామాతో (హార్డ్‌వేర్ గుర్తింపు) కలిపి పేరు పెడుతుంది, ఫోను తగిలించిన ప్రతిసారీ ఆ మ్యాక్ మారవచ్చు. కొత్త సేకరణ పాత కాష్ మీద కలుస్తుందే కానీ దానిని తుడిచి రాయదు. ఫోను తీసేసిన తరువాత ఇంటర్‌ఫేసుల జాబితా సరిగానే వస్తుంది, కానీ ఒక్కో పాత ఇంటర్‌ఫేస్ వివరాల గడి కాష్ ఫైలులో అలాగే ఉంటుంది. ప్రతి సేకరణలో ఫైలు మార్పు సమయం కొత్తది అవుతుంది కాబట్టి గడువు కూడా దానిని తీయలేదు. ఆ కేంద్రం ఫైలులో ఇటువంటి చచ్చిన గడులు 11 ఉన్నాయి. వారపు సేకరణను ఫ్లష్-కాష్ ఆప్షన్‌తో నడపడం అప్పటి నుంచి మొదలైంది.

మొత్తం లెక్క: లాన్ చిరునామా లోకల్ ఫ్యాక్ట్ ద్వారా వస్తున్నవి 26లో 24.

దశ 7: యంత్రానికి తెలియనివి

ఏ ఊరిలో ఉన్నదీ, యూపీఎస్ ఉన్నదీ లేనిదీ, లాన్ ఏ తీగ మీద ఉన్నదీ సెటప్ మాడ్యూల్ కనిపెట్టలేదు. ఊరి పేరు హోస్టు పేరులో ఉందని మొదట అనుకున్నాము. రాయగడ జిల్లా కేంద్రం రాయగడ పట్టణం. గజపతి జిల్లాలో కూడా రాయగడ అనే బ్లాకు ఒకటి ఉంది. రాయగడ-1కి డిస్క్ పంపాలని ఫోను చేసినప్పుడు, "బాబూ, అది రైలు దిగే రాయగడ కాదు, మన గజపతి రాయగడ" అని మాస్టారు చెప్పకపోతే డిస్క్ వేరే జిల్లాకు వెళ్లేది. ఇప్పుడు జిల్లా, బ్లాకు రెండూ విడి గడులుగా ఉంటాయి.

ఇవన్నీ ఈటీసీలో ఆన్సిబుల్ డైరెక్టరీ కింద ఉన్న ఫ్యాక్ట్స్ డాట్ డీలో, ఫ్యాక్ట్ అన్న పొడిగింపుతో ఒక ఫైలుగా ఉంటాయి. ఫైలు పేరే తాళం అవుతుంది కాబట్టి పేరులో అడ్డగీత వద్దు.

ఐఎన్ఐ రూపంలో (వరుసకు ఒక పేరు, దాని విలువ) మొదలుపెట్టి జేసన్‌కు మారాము. ఐఎన్ఐలో తాళాల పేర్లు చిన్న అక్షరాలుగా మారిపోతాయి, విలువలన్నీ అక్షరాల రూపంలోనే వస్తాయి. యూపీఎస్ ఎదురుగా ఫాల్స్ అని రాస్తే అది నాలుగైదు అక్షరాల మాటే తప్ప కాదన్న అర్థం ఇవ్వదు, మాటను అవును, కాదు విలువగా మార్చే బూల్ ఫిల్టర్ ప్రతిచోటా పెట్టవలసి వస్తుంది.

జేసన్‌లో ఎదురైన దోషాలు రెండు. పెన్‌డ్రైవ్ నుంచి తెచ్చిన ఫైలుకు ఎగ్జిక్యూట్ అనుమతి ఉండిపోయింది, అటువంటి ఫైలును ఆన్సిబుల్ చదవదు, ప్రోగ్రాముగా నడపబోతుంది. ఇంకొక చోట ఒడియాలో ఊరి పేరు రాయడానికి విండోస్‌లో నోట్‌ప్యాడ్ వాడారు, ఫైలు మొదట్లో బీఓఎం అనే కనిపించని గుర్తు చేరి జేసన్ చెల్లలేదు. ఇటువంటి ఫైలు ప్లేను ఆపదు. హెచ్చరిక ఒకటి వస్తుంది, విలువ ఉండవలసిన చోట దోష వాక్యం కూర్చుంటుంది, విరగడం ఎప్పుడో తరువాత వేరే టెంప్లేట్‌లో జరుగుతుంది.

1. ఫైలును చేతితో పెట్టకుండా కాపీ మాడ్యూల్‌తో, మోడ్ 0644 అని రాసి పంపాలి.
2. అదే మాడ్యూల్‌లోని వాలిడేట్‌కు పైథాన్ జేసన్ టూల్ ఆదేశాన్ని ఇవ్వాలి. చెల్లని ఫైలు హోస్టులో చోటు చేసుకోదు.
3. వెంటనే సెటప్‌ను ఆన్సిబుల్ లోకల్ ఫిల్టర్‌తో మళ్లీ నడపాలి. లేకపోతే అదే ప్లేలో కొత్త విలువ కనిపించదు.
4. అసర్ట్ మాడ్యూల్‌తో ఆ విలువ గడుల గుంపేనా, జిల్లా పేరు మన జాబితాలో ఉందా అని పరీక్షించాలి.

మొత్తం లెక్క: లోకల్ ఫ్యాక్ట్స్ చెల్లుతున్నవి 25, లాన్ చిరునామా వాటి ద్వారా వస్తున్నవి 25. మోహనా బ్లాకు సర్వర్‌కు ఫైలు సిద్ధంగా ఉంది, లింకు వచ్చాక పంపాలి. ఉబుంటు 18.04 మీద ఉన్న మూడు సర్వర్లు కొత్త వెర్షన్‌కు మారేవరకు కంట్రోల్ నోడ్‌ను 2.16 నుంచి కదపడం లేదు. మారిన తరువాత దశ 4లోని కొలతలను 2.17 మీద మళ్లీ తీసి ఇక్కడే చేర్చుతాను.